గూడబాతుల చెరువు యొద్ద

ధ్యానభాగములు: మత్తయి 6:25–34, మత్తయి 10:28–31, ద్వితీయోపదేశకాండము 22:6–7



ఆకాశపక్షులను గూర్చి మన ప్రభువు కొండమీద సెలవిచ్చిన మాట మనలో చదువురాని ముసలివారికి సైతము నోటికి వచ్చును. పంట పాడైనప్పుడును, అప్పులవాడు గుమ్మములో కూర్చున్నప్పుడును, ఆసుపత్రి ఖర్చునకు చేతిలో పైకము లేనప్పుడును ఆ మాటనే ఒకరికొకరము చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. అయితే ఆ మాటను రెండు విధములుగా పాడుచేయువారు మన మధ్యనే యున్నారు.

పని చేయ మనస్సులేనివాడు అరుగుమీద కూర్చుండి, పక్షులు విత్తవు గదా, నేనేల విత్తవలెనని అనును. ఇతని సంగతి పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రికలో తేల్చివేసెను గనుక మేము దానిమీద కాలము గడపము. రెండవ విధము ఇంతకంటె చెడ్డది. కలిగినవాడు లేనివాని ఇంటికి వచ్చి, పక్షులను పోషించు దేవుడు నిన్ను పోషింపడా అని చెప్పి, కన్నులు మూసికొని ప్రార్థన చేసి, వట్టిచేతులతో తిరిగి పోవును. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో ఇట్టివారిని ఎరిగియే వ్రాసెను. ఆకలితో నున్నవానికి వాక్యము చెప్పి అన్నము దాచుకొనుటకు పక్షులను సాక్ష్యముగా పిలుచుట న్యాయము కాదు.

ప్రభువు మొదట చెప్పినది పక్షులను చూడుమని. చూచుట ఒక పని. కూర్చుండి, మాటలాడక, కొంతసేపు కన్నులు నిలిపి చూడవలెను. అందుచేత ఈ మాసము వ్యాఖ్యాన గ్రంథములను కొంచెము ప్రక్కనుంచి, ఒక పక్షిని ఆసాంతము చూతము.

మేము కాపురమున్న గ్రామమునకు దగ్గరలో నేలపట్టు చెరువున్నది. నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, దొరవారిసత్రము ప్రక్కన. ఇప్పుడది తిరుపతి జిల్లా. 2022కు ముందు నెల్లూరు జిల్లా. 1976లో ప్రభుత్వమువారు దానిని పక్షుల రక్షితస్థలముగా ప్రకటించిరి. ఆ చెరువులో కడప చెట్లు వేళ్లు బురదలోను మొదళ్లు నీటిలోను ఉంచి గుంపులుగా నిలిచియుండును. ఈశాన్యపు వానలు పడి చెరువు నిండునప్పుడు, అక్టోబరు మాసము మొదలుకొని, గూడబాతులు వచ్చి ఆ చెట్లమీద గూళ్లు కట్టుకొనును. మగది పుల్లలు తెచ్చును, ఆడది వాటిని అమర్చును. ఒక చెట్టుమీదనే ఎన్నో గూళ్లు, ఒకదానినొకటి తాకునంత దగ్గరగా. చెట్టుక్రింద నీరుండుట వాటికి కోట చుట్టు కందకము వంటిది. నక్కగాని అడవిపిల్లిగాని ఈదివచ్చి చెట్టెక్కదు. నీరు త్వరగా ఇంకిపోయిన సంవత్సరమున ఆ కోట తెరచిన తలుపై పోవును.

పక్షిని చూడనివారి కొరకు కొంచెము వర్ణింతుము. నాలుగు మొదలు ఆరు కిలోల బరువు. రెక్కలు చాపిన ఎనిమిదడుగులు. ముక్కు అడుగు పొడవు, దానిక్రింద తోలుసంచి. పూర్వము మన పెద్దలు కాలువలోనుండి పొలమునకు గూడ వేసి నీరు తోడిన తీరు చూచినవారికి ఈ పక్షికి ఆ పేరు తగినదని వెంటనే తెలియును. చేపను ముక్కుతో పొడవదు. నీటితో సహా సంచిలోనికి తోడుకొనును. తరువాత ముక్కును క్రిందికి వంచి నీటిని కార్చివేసి, తల పైకెత్తి మ్రింగును. ఒక్కొక్కప్పుడు కొన్ని పక్షులు వరుసగా కూడి చేపలను లోతులేని చోటికి తోలుకొనిపోవును; మన జాలరులు వల లాగినట్లే.

ఇప్పుడు దాని కష్టమును చూడుడి. ఆ చెరువులో ఇన్ని కుటుంబములకు చాలినంత చేప యుండదు. కాబట్టి పక్షులు సుమారు 20 కిలోమీటర్ల దూరమున నున్న పులికాటు సరస్సునకు పోవును. అంత బరువైన శరీరమును రెక్కలు కొట్టుచు మోసికొనిపోయిన, తెచ్చిన మేత తమ ఒంటికే చాలదు. అందుచేత ప్రొద్దెక్కువరకు ఆగును. నేల వేడెక్కి గాలి పైకి లేచునప్పుడు, ఆ లేచు గాలిలో రెక్కలు చాపి, గుండ్రముగా తిరుగుచు, రెక్క ఆడింపకయే ఎంతో ఎత్తునకు పోవును. అక్కడనుండి సరస్సువైపు జారును. యెషయా 40వ అధ్యాయపు చివర రెక్కలు చాపి పైకెగురుటను గూర్చి ప్రవక్త చెప్పినది పక్షిరాజును గూర్చియైనను, ఎదురుచూచుటకును ఎగురుటకును ఉన్న సంబంధమును ఈ చెరువు గట్టున మేము కన్నులార చూచితిమి. తొందరపడి లేచిన పక్షి అలసిపోవును.

గుడ్లు సాధారణముగా మూడు. పొదుగుట సుమారు ముప్పది దినములు. తల్లియు తండ్రియు వంతులు వేసికొని కూర్చుండును. పిల్లలు ఈకలులేని చర్మముతో పుట్టును. మొదటి దినములలో ఎండ తగిలిన చనిపోవును గనుక పెద్దవి రెక్క విప్పి నీడ పట్టును. తరువాత మూడు నెలలకు పైగా మేత మోయుట. పిల్ల తన తలను తల్లి గొంతులోనికి దూర్చి, సగము అరిగిన చేపను తినును. చూచువారికి పిల్ల తల్లిని మ్రింగుచున్నదా, తల్లి పిల్లను మ్రింగుచున్నదా అని భయము కలుగును.

ఇక్కడ ఒక సంగతి చెప్పి ముందుకు పోవుదుము. పూర్వపు క్రైస్తవ రచయితలు కొందరు, గూడబాతు తన రొమ్మును చీల్చుకొని తన రక్తముతో పిల్లలను బ్రతికించునని వ్రాసిరి. పాశ్చాత్య దేశపు పాత గుడులలో ఆ బొమ్మను చెక్కి, అది సిలువకు గురుతని బోధించిరి. వేదాంత పాఠశాలలో మేము దీనిని విన్నప్పుడు ఎంతో బాగుండెను. కాని పక్షి అట్లు చేయదు. ముక్కును రొమ్మునకు ఒత్తి పిల్లకు మేత నిచ్చుట చూచి ఎవరో అట్లు ఊహించియుందురు. క్రీస్తు రక్తమును గూర్చి సత్యము చెప్పుటకు పక్షిని గూర్చి అసత్యము చెప్పనక్కరలేదు. దినమెల్ల ఎండలో నలువది కిలోమీటర్లు పోయి వచ్చి, తిన్నదానిని కక్కి పిల్ల నోటిలో వేయు ఆ తల్లి, ఉన్నది ఉన్నట్లుగానే మనకు చాలినంత బోధ.

కాబట్టి పక్షులు విత్తవు, కోయవు, కొట్లలో కూర్చుకొనవు అన్నప్పుడు, అవి పని చేయవని ప్రభువు చెప్పలేదు. మా గ్రామములో ఏ కూలివానికంటెను అవి తక్కువ పనిచేయవు. రేపటి చేపను గూర్చి ఈ రాత్రి నిద్ర మానవు, అంతే. పరలోకపు తండ్రి పెట్టు మేత సరస్సులో నున్నది, లేచు గాలిలో నున్నది, కాలమెరిగిన వానలో నున్నది, అలసినను తిరిగివచ్చు తలిదండ్రుల ప్రేమలో నున్నది. ఇవన్నియు కూడి ఆయన చెయ్యి.

కాలమును గూర్చి కూడ ఒక మాట. యిర్మీయా 8:7లో ప్రవక్త కొంగ మొదలైన పక్షులు తమ కాలము నెరుగునని చెప్పి, దేవుని ప్రజలు ఎరుగరని దుఃఖించెను. వానలు తప్పి చెరువు నిండని సంవత్సరమున గూడబాతులు ఇక్కడ గూళ్లు కట్టవు. పెంచలేని చోట గుడ్లు పెట్టక వేరొక తావు వెదకుకొనును, లేదా ఆ సంవత్సరము ఊరకుండును. వాన లేని యేట ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి వెయ్యిమందికి పెండ్లి భోజనము పెట్టు మన పెద్దలు ఈ మాట చదువుకొందురు గాక. ఆ అప్పు తీర్చుటకు పొలమమ్మినవారిని మేమెరుగుదుము.

ఆ చెట్లమీద గూడబాతులొక్కటే కాదు. ముక్కు నడుమ సందుండు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణములు, నీటికాకులు, రాత్రివేళ మేతకు పోవు కొంగలు అన్నియు నున్నవి. నత్తగుల్ల కొంగకు మడులలోని నత్తలు ఆహారము. నీటికాకి నీటిలో మునిగి పట్టును. రాత్రి కొంగ మిగిలినవి నిద్రించునప్పుడు లేచును. ఒక చెట్టుమీద ఇన్ని జాతులు, ఒకదాని కంచము ఒకటి లాగుకొనకుండ! కొమ్మకొరకు పోట్లాట లేదని మేము చెప్పము. పుల్లలు దొంగిలించుటయు కద్దు. మన సంఘములోవలెనే.

ఇప్పుడు కష్టమైన సంగతికి వచ్చుచున్నాము. దానిని దాటిపోయిన ఈ ధ్యానము వ్రాయుటకంటె వ్రాయకుండుటే మేలు.

మా సంఘములో ఒక విధవరాలున్నది. ఆమె చెరువు ప్రక్కనున్న పొలములకు కలుపుతీయ పోవును. ఒకనాడు గృహకూడికలో మేము మత్తయి ఆరవ అధ్యాయము చదివి ముగించిన తరువాత ఆమె ఇట్లడిగెను: “అయ్యగారూ, పక్షులకి దేవుడు మేత పెడతాడని చదివితిరి గదా. నేను రోజూ చూస్తా ఉండా. గూట్లో పెద్దవి రెండూ ముందుకొచ్చి తినేస్తాయి. మూడోది చిక్కిపోయి చిక్కిపోయి, ఆఖరికి చెట్టుకింద పడుంటాది. దాని మాటేంది?”

ఆమె కన్న ముగ్గురిలో చిన్నది జ్వరముతో పోయి అప్పటికి రెండేండ్లు. ఆ ప్రశ్న పక్షిని గూర్చినది కాదని ఆ ఇంట కూర్చున్న వారందరికిని తెలియును. ఎవరును దగ్గలేదు, కదలలేదు.

ఆమె చూచినది నిజమే. గూడబాతు మొదటి గుడ్డు పెట్టినది మొదలు పొదుగును. కాబట్టి పిల్లలన్నియు ఒకే దినమున పుట్టవు. మొదటిది కొంచెము పెరిగి మెడ నిలిపిన తరువాత చివరిది పుట్టును. సరస్సులో చేపలు సమృద్ధిగా నున్న యేట అన్నిటికిని దొరకును. కరవైన యేట పెద్దది ముందు నోరు తెరచును, చిన్నది వెనుకబడును. మూడు గుడ్లు పెట్టిన గూటినుండి మూడు పిల్లలును ఎగిరిపోవుట అరుదు. తలిదండ్రుల ప్రేమ తక్కువైనందున కాదు. మోయగలిగినది అంతే.

పిల్లలే కాదు, పెద్దవియు పడును. ఉత్తరాంధ్రలో శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి దగ్గర తేలినీలాపురమను గ్రామమున్నది. అక్కడను గూడబాతులు, రంగురంగుల కొంగలు ఊరి చెట్లమీద గూళ్లు కట్టి, నౌపడా ఉప్పునీటి నేలలలో మేత వెదకుకొనును. 2021 డిసెంబరు, 2022 జనవరి మాసములలో అక్కడ వందకు పైగా గూడబాతులు చచ్చి పడినవి. తిన్న చేపలద్వారా కడుపులో చేరిన పురుగులు వాటిని చంపినవని చెప్పిరి. మేత వెదకుటకు పోయినవాటిని మేతయే చంపినది. ఇట్టి వార్త చదివిన తరువాత పక్షులను గూర్చి తేలికగా ప్రసంగించుట ఎట్లు?

ప్రభువు తేలికగా ప్రసంగింపలేదు. మత్తయి పదియవ అధ్యాయములో ఆయన పక్షులను గూర్చి మరల మాటలాడెను. ఈసారి విన్నవారు కొండమీది జనసమూహము కాదు. తోడేళ్ల మధ్యకు గొఱ్ఱెలవలె పంపబడుచున్న పండ్రెండుగురు. వారిని కొట్టుదురనియు చంపుదురనియు ఆయన దాచక చెప్పి, ఆ వెంటనే పిచ్చుకల మాట ఎత్తెను. పిచ్చుక నేలపడదని చెప్పలేదు. పడుననియే చెప్పెను. తండ్రి లేకుండ పడదని చెప్పెను.

అవి ఏ పిచ్చుకలు? బజారులో అమ్మకమునకు పెట్టినవి. మాంసము కొనలేని పేదవాడు కొనుక్కొని తిను కూర. మత్తయి ప్రకారము కాసుకు రెండు. లూకా పండ్రెండవ అధ్యాయములో రెండు కాసులకు అయిదు. లెక్క వేసి చూడుడి. రెండు కాసులకు నాలుగు రావలెను గదా, అయిదవది కొసరు. మన సంతలో కాయగూరలమ్మువాడు కొలిచిన తరువాత చేతికి వచ్చినది పైన వేసినట్లు, దానికి వెలయే లేదు. ఆ వెలలేని దానిని సహితము దేవుడు మరచిపోలేదని ప్రభువు చెప్పుచున్నాడు. బ్రతికి ఎగురుచున్న పిచ్చుకను గూర్చి కాదు, వలలో పడి అంగడికి వచ్చిన పిచ్చుకను గూర్చి ఆ మాట చెప్పబడెను. మత్తయి ఆరవ అధ్యాయమును పదియవ అధ్యాయము లేకుండ చదువువాడు సగము సువార్త చదువుచున్నాడు.

మేము ఆ తల్లితో చెప్పినది చాల కొద్ది. “అమ్మా, మూడోది పడదని ప్రభువు చెప్పలేదు. పడినదాన్ని ఆయన లెక్కలోనుంచి తీసివేయలేదని చెప్పినాడు. ఆయన కుమారుడు కూడ అందరూ చూస్తుండగా పడినవాడే” అంటిమి. అంతకుమించి చెప్పుటకు మనసు రాలేదు. యోబు స్నేహితులు ఏడు దినములు ఊరకుండినప్పుడు బాగుగా నుండిరి. నోరు తెరచిన తరువాతనే చెడిరి. ఆమె సరేయనలేదు, కాదనలేదు. మరుసటి ఆదివారము పిడికెడు బియ్యపు సంచి తీసికొని వచ్చి, అందరివలె బల్లయొద్ద పోసి, తన చోట కూర్చుండెను.

అయితే పడిన పిల్ల సంగతి అక్కడితో ముగియలేదు. ఆ ప్రశ్న మమ్మును విడువలేదు గనుక, పడిన పిల్లలను మనుష్యులెక్కడనైన ఎత్తిరా అని విచారించితిమి. ఎత్తిరి. మన పొరుగు కర్ణాటక రాష్ట్రములో, మండ్య జిల్లాలో, కొక్కరె బెళ్లూరు అను పల్లె యున్నది. అక్కడ చెరువు నడుమ కాదు, ఇండ్ల నడుమ నున్న చింతచెట్లమీదను మఱ్ఱి, రావి జాతి చెట్లమీదను గూడబాతులు గూళ్లు కట్టును. వాకిలి మీద రెట్ట పడును, చేపల కంపు కొట్టును, కాపు కాయవలసిన చింతకొమ్మలు పక్షుల పాలగును. అయినను ఆ ఊరివారు వాటిని తోలివేయరు. పురుడు పోసికొనుటకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచులందురు. ఆడపడుచు పురిటికి వచ్చిన ఇంటిలో ఎంత చాకిరియుండునో మన స్త్రీలకు చెప్పనక్కరలేదు. ఎవరైన ఆమెను పొమ్మందురా?

1990 తరువాతి సంవత్సరములలో ఆ ఊరి యౌవనులు ఒక గుంపుగా కూడి, గూటినుండి పడిన పిల్లలను ఏరి, ఒక దొడ్డి కట్టి, అందులో ఉంచి, చేపలు పెట్టి, రెక్కలు వచ్చువరకు పెంచి విడిచిపెట్టసాగిరి. మూడవ పిల్ల! తల్లి మోయలేకపోయినదానిని ఊరు మోసినది. ఆ పల్లెవారును దుఃఖము చూడకపోలేదు. 2017 డిసెంబరు మొదలు కొన్ని నెలలు అక్కడను పురుగుల వ్యాధివలన పక్షులు చచ్చినవి. అయినను వారు ఆ పని విడువలేదు. వారు మన మత్తయి సువార్త చదివి దీనిని చేయలేదు, ప్రియులారా. చదివిన మనము ఏమి చేయుచున్నామో ఆలోచింపవలెను.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఒక చిన్న ఆజ్ఞ యున్నది. చాలమంది దానిని చదివి నవ్వి దాటిపోవుదురు. దారిలో పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీదనైనను గుడ్లమీదనైనను కూర్చున్న యెడల, తల్లిని పట్టకూడదు, విడిచిపెట్టవలెను. అట్లు చేసినవానికి మేలును దీర్ఘాయువును వాగ్దానము చేయబడెను. తల్లిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞకు చేర్చిన వాగ్దానమే ఇక్కడను చేర్చబడుట గమనింపుడి. ఎర్రసముద్రమును పాయలుచేసిన దేవుడు దారి ప్రక్క పొదలోని గూటికొరకు ధర్మశాస్త్రములో చోటు విడిచెను. నేటి మన దేశపు చట్టము మరింత ముందుకు పోయినది: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద అడవిపక్షిని పట్టుటయు చంపుటయు, రక్షింపబడిన పక్షుల గుడ్లు తీయుటయు నేరము.

చట్టమునకు ముందే పల్లెటూరివారు మేలైన పని చేసిరి. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ చెరువు పక్షులను తెల్లసిపాయిలు కాల్చుచుండగా, ఆ ఊరి రైతులు కలెక్టరు లయొనెల్ ప్లేసు యొద్దకు పోయి మొఱపెట్టుకొని, 1798లో పక్షులను కాపాడుకొను హక్కు పత్రము తెచ్చుకొనిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పారిన మడులలో వరి బాగుగా పండునని వారెరుగుదురు. దయకును లాభమునకును ఎప్పుడును వైరమే యుండదు.

వైరము పెట్టుకొన్నచోట ఏమగునో కొల్లేటిలో చూడవచ్చును. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి జిల్లాలో గూడబాతుల పెద్ద నివాసమును కనుగొని, దానిని గూర్చి 1949లో వ్రాసెను. 1970 తరువాతి సంవత్సరములలో ఆ గూళ్లు ఖాళీ అయినవి. తరువాత సరస్సులో చేపల చెరువుల కట్టలు లేచినవి. 1999లో దానిని రక్షితస్థలముగా ప్రకటించిరి. 2006లో కట్టలు కొట్టించిరి. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు తిరిగి గూళ్లు కట్టుచున్నవి. దేనిమీద? చెట్లు చాలవు గనుక అటవీశాఖవారు నీటిలో నాటిన ఇనుప స్టాండ్లమీద. మనుష్యుడు చెట్టు తీసివేసి ఇనుము పెట్టెను, పక్షి మారుమాట లేక దానిమీద పుల్లలు పేర్చుకొనెను. ఆ దృశ్యము చూచినవారికి సంతోషమును సిగ్గును ఒక్కమారే కలుగును.

ఇక మన ఇంటి సంగతులు. కోతలైన తరువాత మడులలో గుళికల మందు కలిపిన వడ్లు చల్లి కొంగలను, బాతులను పట్టి రాత్రివేళ అమ్ముచున్నారని విన్నాము. వారిలో మన సంఘపు యౌవనులు ఇద్దరున్నారని పెద్దలు చెప్పిరి. వారి పేర్లు ఇక్కడ వ్రాయము. వారి ఇంటికి వచ్చి మాటలాడుదుము. ఆ మందు తిన్న పక్షిని కొని వండుకొనువాడు ఆ విషమును తన పిల్లల కంచములో వడ్డించుచున్నాడు. గూళ్ల కాలములో ఒక తల్లిని చంపిన, గూటిలో ఎదురుచూచు నోళ్లు కూడ మూతపడును. పిల్లలచేతి ఉండేలులను ఆదివారపు బడి ఉపాధ్యాయులు తీసికొని, బదులుగా వారిచేత పక్షుల పేర్లు వ్రాయించవలెను. ఇరువది పేర్లు తెలుగులో వ్రాసిన పిల్లకు క్రొత్త నిబంధన బహుమానము.

పిడికెడు బియ్యము విషయము. సంఘ స్త్రీలు ప్రతిదినము వంటకు ముందు తీసి దాచు ఆ బియ్యము ఇంతవరకు అమ్మి, ఆ పైకమును గుడి సున్నమునకు వాడుచుంటిమి. గత మాసపు పెద్దల కూటములో, ఫిబ్రవరి నెలనుండి అందులో సగము అమ్మక, కూలి దొరకని ఇండ్లకు గింజలుగానే ఇవ్వవలెనని తీర్మానమైనది. ఎవరికి ఇవ్వవలెనో స్త్రీల సమాజము నిర్ణయించును. ఇచ్చుట చీకటిపడిన తరువాత, పేరు పిలువకుండ.

సంక్రాంతి సెలవుల తరువాత వచ్చు శనివారము యౌవనస్థులును ఆదివారపు బడి పిల్లలును నేలపట్టు చెరువునకు పోవుదురు. ఆ వేళకు గూళ్లలో పిల్లలు కనబడును. గుడి ముంగిటనుండి ఉదయము ఆరు గంటలకు బయలుదేరవలెను. తెల్లని, ఎర్రని బట్టలు వద్దు. ఆకుపచ్చనివి, మట్టిరంగువి మంచివి. ఈలలు, పాటలు, సెల్‌ఫోను మ్రోతలు చెరువు గట్టున కూడవు. పాటలు తిరిగి వచ్చునప్పుడు పాడుకొనవచ్చును. దుర్భిణి ఒక్కటే యున్నది గనుక వంతులవారీగా చూడవలెను. చద్దిమూటలు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. టిక్కెట్టు సొమ్మును తేనీటి ఖర్చును సంఘము పెట్టును. చెరువు ప్రక్క పొలములలో పనిచేయు ఆ సహోదరి దారి చూపుటకు ఒప్పుకొనెను. ఏ చెట్టుమీద ఏ గూడున్నదో మాకంటె ఆమెకు బాగుగా తెలియును.